కాశీబాయి తలనొప్పి, టవరు మీది ఎర్రదీపం

ధర్మాబాద్ తాలూకా ఆఫీసులో ఆ నెల మీటింగు రోజు కాశీబాయిని నిలబెట్టారు. సతరంజీల మీద కూర్చున్న అంగన్‌వాడీ సేవికలందరి ముందూ, ఫోను పైకెత్తి పట్టుకోమని నిలబెట్టారు.

గోడ మీది తెరపై ఆమె తీసిన పిల్లల ఫోటోలు ఒక్కొక్కటీ వస్తున్నాయి. ఒకటి మసక. ఒకదాంట్లో సగం తల లేదు. ఇంకోదాంట్లో పిల్లవాడి ముఖం ఉండాల్సిన చోట గోడకు వేలాడే తూకం సంచి ఉంది. ముఖం సరిగ్గా పడకపోతే ఆ పిల్లకు తిండి పెట్టినట్టు ఫోనులోని సర్కారు యాప్ ఒప్పుకోదు. యాప్ ఒప్పుకోకపోతే సేవిక పెట్టనట్టే లెక్క. పిల్ల కడుపు నిండి ఆడుకుంటున్నా సరే.

"కాశీతాయీ, ఇది పిల్లా, దోసకాయా?" అని సూపర్‌వైజర్ మేడం మరాఠీలో అడిగింది. "ఫోను ఎట్లా పట్టుకుంటారో అందరికీ చూపించండి. మీటింగు అయ్యేదాకా అట్లాగే పట్టుకోండి, అలవాటవుతుంది."

నవ్వినవాళ్ళు నవ్వారు. నవ్వనివాళ్ళు సతరంజీ అంచుల్లోని దారాలు పీకుతూ కూర్చున్నారు. కాశీబాయికి యాభై రెండేళ్ళు. బడిలో గోడకుర్చీ వేసిన పిల్లలాగా నిలబడింది. కొన్ని నెలలుగా తనకు కళ్ళు మసకేస్తున్నాయని, కుడి కనుబొమ్మ మీద నుంచి తల పగులుతోందని చెప్పొచ్చు. చెప్పలేదు. కిందటి మీటింగులో నడుం నొప్పి అన్న ఒకామెకు, "అయితే మానెయ్, నీ జాగకు పది మంది ఉన్నారు" అన్న జవాబు దొరకడం అందరూ విన్నారు.

తిరుగు బస్సులో ఆమె పక్కన కూర్చున్నది అనుసూయాబాయి. కాశీబాయి అంగన్‌వాడీలోనే మదత్నీస్, అంటే వంటా శుభ్రమూ చూసే సహాయకురాలు. ఎందుకు చెప్పలేదే అని ఆమె దారి పొడుగునా సణిగింది. కాశీబాయి కొంగుతో నుదురు బిగించి కట్టుకుని, "మేడం కొలువు మేడం చేసింది. మనం మనది చేద్దాం," అని కళ్ళు మూసుకుంది.

ఆఫీసు వాళ్ళు ఫోను ఇచ్చినప్పుడు దానికి కవరు ఇచ్చారు. అద్దం పగలకుండా పైన ఇంకో అద్దం అంటించి ఇచ్చారు. ఎట్లా చార్జింగు పెట్టాలో, ఎట్లా తుడవాలో శిక్షణ ఇచ్చారు. ఆ ఫోనును చూడాల్సిన కన్ను ఎట్లా ఉందో ఒక్కరూ అడగలేదు.

*

కాశీబాయి ఊరు గోదావరి ఒడ్డున, బాబ్లీ బ్యారేజీకి దగ్గర్లో ఉంటుంది. తెలంగాణ హద్దు చూపుమేరలోనే. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, సంతలో రెండూ కలిపి ఇంకోటి. ఆ ఊళ్ళో పిల్లలు తెలుగులో ఏడ్చి మరాఠీలో పాడతారు. మూడేళ్ళ పిల్ల ఆ రెంటి మధ్యా తప్పిపోకుండా చెయ్యి పట్టి నడిపించే పని కాశీబాయిది. ఊళ్ళో పాతికేళ్ళ లోపు వాళ్ళందరూ మొదటి మరాఠీ మాట ఆమె ఒళ్ళోనే పలికారు. ఇప్పుడు మీసాలొచ్చి పంచాయతీలో ఎదురు మాట్లాడే మగవాళ్ళను కూడా ఆమె, "ఒరేయ్, నీ లాగు నేను ఉతికిన, జర నిమ్మళంగ మాట్లాడు" అనేది. ఆ గొంతుకు ఊరు భయపడేది. ఆ భయంలో ఇష్టం ఉండేది.

ఫోను వచ్చాక ఆ గొంతు తగ్గింది. ఎందుకంటే పని పిల్లలతో కాక ఫోనుతో మొదలైంది. లోపల గది చీకటి, అక్కడ ముఖం పడదు. పిల్లలను ఎండలోకి తేవాలి. ఎండలో ఫోను అద్దం మెరిసి ఏమీ కనపడదు. చెయ్యి బారజాపి, మెడ వంచి, కళ్ళు చికిలించి, కదిలే పిల్లను కదలకుండా నవ్వించి నొక్కాలి. సిగ్నలు లేకపోతే మళ్ళీ నొక్కాలి. సంతలో గోనె మీద పరిచి అమ్మే కళ్ళద్దాల్లో ఒక జత తనే పెట్టి చూసుకుని కొనుక్కుంది. వాటితో అక్షరాలు పెద్దవయ్యాయి గాని తల ఇంకా బరువెక్కింది.

నొప్పి రోజూ వచ్చేది కాదు. పొద్దు గూకే వేళకు వచ్చేది. మబ్బు పట్టిన రోజున మధ్యాహ్నమే వచ్చేది. కుడి కనుబొమ్మ మీద మొదలై కణత దాకా పాకేది. శొంఠి గంధం పట్టు వేసుకుని, గుడ్డ బిగించి కాసేపు పడుకుంటే ఒక్కోసారి దానంతటదే పోయేది. పోయిన నొప్పిని ఎవరు పట్టించుకుంటారు?

ఆమె భర్త నర్సన్న మంచివాడే. సోయా చేను, రెండు ఎడ్లు, అదే లోకం. ఆమె తల కట్టుకుని పడుకుంటే పొయ్యి తనే అంటించేవాడు. కాని కారణం మాత్రం వెంటనే తేల్చేసేవాడు. "ఫోన్‌తోని రెండో పెండ్లి అయితివి. మొగుడన్నంక తలనొప్పి ఉండదా?"

అందరికీ తెలిసిన కారణమది. ధర్మాబాద్ దవాఖానాలో మందుల చీటీ రాయించుకోవడానికి పోతే అక్కడి డాక్టరు తల ఎత్తకుండానే, "ఫోను తక్కువ చూడు బాయీ," అని ఒక సూది, నొప్పి గోళీలు ఇచ్చాడు. ఫోను తక్కువ చూడమని అదే రోజు ఆఫీసు వాళ్ళకు ఎవరూ చెప్పలేదు. ఆమె తనకు చేతనైంది చేసింది. రాత్రుళ్ళు ఫోనును రేకు డబ్బాలో పెట్టి మూత వేసి, బియ్యం బస్తాల వెనక దాచేది. అందులోంచి ఫోను అలలు, అంటే రేడియేషను, బయటికి రావని ఎవరో చెప్పారు. పొద్దున్నే తీసి చూస్తే ఫోను చల్లగా ఉండేది. తల మాత్రం అట్లాగే ఉండేది.

*

టవరు వచ్చింది అప్పుడే.

ఆ ఊళ్ళో సిగ్నలు ఒక వింత. వాకిట్లో ఉంటే మహారాష్ట్ర, పెరట్లోకి పోతే తెలంగాణ. ఫోను కూడా ఊళ్ళో మనుషుల్లాగే ఏ పక్కదో తేల్చుకోలేక తిప్పలు పడేది. అందుకని ఊళ్ళో టవరు కావాలని అందరికంటే ముందు తిరిగినవాడు నాగనాథ్. కాశీబాయి ఒళ్ళో పెరిగి పైచదువులు చదివినవాడు, మాట పదునున్నవాడు. తన చేను ఇస్తానని కూడా అన్నాడు. కంపెనీ వాళ్ళు వచ్చి చూసి, అంగన్‌వాడీ వెనక ఉన్న బాబురావ్ చేను ఎత్తు మీద ఉందని అక్కడ వేశారు. ఊరిని గాని, చిన్నపిల్లల బడి వెనకే వేస్తున్నామని ఆ బడి నడిపే మనిషిని గాని ఒక్క మాట అడగలేదు.

అడగకపోవడం తప్పే. ఆ ఒక్క మాట పట్టుకుని ఊరు నిలదీసి ఉంటే అది న్యాయమైన పోరాటమే అయ్యేది. నాగనాథ్ ఆ మాట పట్టుకోలేదు. అతనికి కంపెనీ చేసిన తప్పు కన్నా టవరు బాబురావ్ చేన్లో నిలబడిన తప్పే పెద్దగా కనపడింది. నెల తిరక్కుండానే టవరు అలలు మెదడును ఉడకబెడతాయని చావడిలో చెప్పడం మొదలుపెట్టాడు. తన చేన్లో పడి ఉంటే అవే అలలు పైరుకు బలమని చెప్పేవాడేమో.

టవరు కొసన ఎర్రదీపం ఒకటి పెట్టారు. చీకటి పడితే అది ఊరంతటికీ కనపడేది. దాన్ని చూస్తే తల నొస్తుందని ఒకామె అన్నది. మర్నాడు ఇంకో నలుగురికి నొచ్చింది. పిల్లలు బడి ఎగ్గొట్టడానికి ఆ మాటే చెప్పారు. బర్రె పాలు తగ్గినా, కోడి గుడ్డు పెట్టకపోయినా, అత్తాకోడళ్ళు తిట్టుకున్నా టవరు పేరే వచ్చింది. నొప్పి నటన కాదు, అది గుర్తుంచుకోవాలి. నొస్తుందని గట్టిగా నమ్మి, భయపడుతూ ఎదురుచూసే తలకు నిజంగానే నొస్తుంది. ఆ నొప్పికి గోళీ వేసుకున్నవాళ్ళు అబద్ధాలకోర్లు కారు.

ఒక సాయంత్రం నల్లా దగ్గర నీళ్ళు పడుతూ కాశీబాయి టవరు వైపు చూసి, "ఇయ్యాల దీపానికి గుడి కట్టింది, వాన పడ్తదేమో," అన్నది. వానాకాలంలో చంద్రుడి చుట్టూ కనపడే వలయాన్ని మన పల్లెల్లో గుడి కట్టడం అంటారు. అట్లాంటి వలయం ఆమెకు దీపం చుట్టూ కనపడింది.

అనుసూయాబాయి బిందె దించి చూసింది. "ఏదే? నాకు కనవడ్తలేదు. ఒట్టి దీపమే ఉన్నది."

"సూడరాదు, చుట్టూత గుండ్రంగ. గా గుడి కనవడ్డదంటే నా తల లేస్తది."

ఆ మాట నల్లా దగ్గర ఆగలేదు. చావడికి చేరేసరికి, కాశీబాయికి టవరు అలలు కళ్ళకు కనపడుతున్నాయి అన్న మాటగా మారింది. నాగనాథ్ చెప్పుల్లో కాళ్ళు పెట్టుకోకుండా పరుగెత్తుకొచ్చాడు. ఇన్నాళ్ళూ అలలు కనపడవు కాబట్టే కంపెనీ వాడు నెగ్గుతున్నాడు, ఇప్పుడు కళ్ళారా చూసిన సాక్షి దొరికింది, గ్రామసభలో చెప్పాల్సిందే అని పట్టుబట్టాడు.

కాశీబాయికి ఇష్టం లేదు. కాని ఇన్ని నెలల్లో తన నొప్పిని ఇంత శ్రద్ధగా విన్నవాళ్ళు వేరే లేరు. ఆఫీసులో చెప్పుకోలేనిది, ఇంట్లో నవ్వులాటైనది, ఇక్కడ వినడానికి ఊరు ఊరంతా కూర్చుంది. గ్రామసభ రోజున మైకు ఆమె చేతికిచ్చారు.

"పొద్దు గూకినంక దీపం చుట్టు గుడి కట్టినట్టు కనవడ్తది. గప్పుడు ఈ కనుబొమ్మ మీద పొడిచినట్టు లేస్తది. కన్ను మసక అయితది. కడుపుల తిప్పుతది. జరసేపు పండుకుంటే పోతది."

చప్పట్లు మోగాయి. సర్పంచ్ తల ఊపాడు. ఎవరో ఆ మాటలను ఫోనులో పట్టి పక్క ఊళ్ళకు పంపారు. అందరూ విన్నారు. ఏ కంటి డాక్టరుకైనా ఆ మైకులో మాట సగం చాలు. కాని ఆ సభలో కంటి డాక్టరు లేడు, ఆ తాలూకాలో ఆమె చూపు గురించి అడిగేవాళ్ళు ఎవరూ లేరు. ఆమె మాటలు టవరు మీదికి విసరడానికి పనికొచ్చాయి, అంతవరకే.

ఇంట్లో బల్బుకు కూడా గుడి కడుతోందని, అందులో రంగులు కూడా కనపడుతున్నాయని ఆమె నర్సన్నకు చెప్పింది. నర్సన్న స్టూలు ఎక్కి, భుజం మీది తువ్వాలతో బల్బును శుభ్రంగా తుడిచాడు. నాగనాథ్‌కు చెబితే, అలలు కరెంటు తీగల్లోకి కూడా ఎక్కాయన్నాడు.

ఈ సంగతి మేడం దాకా వెళ్ళింది. తర్వాతి మీటింగులో ఆమె అన్న మాట: "టవరు వల్ల, ఫోను వల్ల తలనొప్పి రాదు. అది వంక." అందులో మొదటి వాక్యం నిజమే. ఇన్నేళ్ళ పరిశోధనలో ఆ అలలు తలనొప్పి తెస్తాయని రుజువు కాలేదు. నిజాన్ని మేడం మనిషి నోరు మూయించడానికి వాడింది. నాగనాథ్ అబద్ధాన్ని అదే మనిషి నోరు తెరిపించడానికి వాడాడు. ఈ ఇద్దరి మధ్య కాశీబాయి కన్ను ఉంది.

*

ఒకరోజు టవరు మీద ఎర్రదీపం వెలగలేదు. మర్నాడూ వెలగలేదు.

ఊరు గెలిచింది. నాగనాథ్ ఇచ్చిన అర్జీలకు భయపడి కంపెనీ టవరు బంద్ చేసుకుందని చావడిలో తేలిపోయింది. పాలకోవా పేడాలు పంచారు. బాబురావ్ ఇంటి ముందు ఆగి మరీ డప్పు కొట్టారు. వారం తిరక్కుండా ఊళ్ళో తలనొప్పులు తగ్గాయి. నిద్ర రాని ముసలివాళ్ళకు నిద్ర పట్టింది. పాలు తగ్గిన బర్రె కూడా చేపింది.

అయితే ఫోనుల్లో సిగ్నలు మునుపటిలాగే వస్తోంది. టవరు బంద్ అయితే సిగ్నలు ఎట్లా వస్తోందని ఎక్కడైనా ఎవరైనా అడుగుతారు. ఈ ఊళ్ళో అడగలేదు. హద్దు ఊరు కదా, జవాబు రెడీగా ఉంది. అది అటువైపు తెలంగాణ టవరు నుంచి వస్తోందన్నారు.

"మరి అటు అలలు తల నొప్పియ్యవా?" అని అనుసూయాబాయి అడిగింది.

"అవి మన తెలుగోళ్ళయి పిన్నీ," అన్నాడు నాగనాథ్. "మనోళ్ళు మనల్ని నొప్పిస్తరా?"

చావడి అంతా నవ్వింది. ఊరి నవ్వుల్లో అది చివరి తియ్యని నవ్వు.

కాశీబాయికి మాత్రం తగ్గలేదు. కొన్నాళ్ళు ఆమె ఎవరికీ చెప్పలేదు. పేడాల రుచి పాడుచేయడం ఎందుకని ఊరుకుంది. కాని ఒక సాయంత్రం అంగన్‌వాడీ అరుగు మీద తల పట్టుకుని కూర్చుంటే నాగనాథ్ చూశాడు.

"ఇంకేం నొప్పి అత్తా? టవర్ బందాయె గదా."

"బందైనా పోతలేదు బిడ్డా."

"ఊరందరికి పోయింది. నీ ఒక్కదానికే ఎట్ల ఉంటది? పని తప్పించుకోనీకి ఇంకోటి చూసుకో. మా పోరాటాన్ని బద్నాం చెయ్యకు."

మేడం అన్న మాటే అది. కాకపోతే ఈసారి తెలుగులో, తను లాగు ఉతికిన పిల్లవాడి నోట వచ్చింది. కాశీబాయి లేచి అంగన్‌వాడీకి తాళం వేసింది. ఎప్పుడూ లేనిది, ఆ రాత్రి నర్సన్న కూడా, "మనసుల పెట్టుకుంటున్నవేమో చూడు," అన్నాడు.

ఆ తర్వాత ఆమె నొప్పి మాట ఎత్తలేదు. తనకే తన మీద అనుమానం వచ్చింది. దీపం లేదు కాబట్టి టవరుకు గుడి లేదు. ఇంటి బల్బుకు ఉంది, కాని దాన్ని నర్సన్న తుడిచాడు కదా. రోజూ పిల్లల్ని ఎండలో నిలబెట్టి ఫోటోలు తీసింది. చేతనైనన్ని గోళీలు మింగింది. సాయంత్రాలు బల్బు వైపు చూడకుండా గోడ వైపు తిరిగి పడుకోవడం నేర్చుకుంది.

మృగశిర కార్తె వానలు పట్టిన రోజుల్లో, మబ్బు కమ్మి పట్టపగలే చీకటైన ఒక రోజున, పప్పు కడుగుతూ ఆమె కూలిపోయింది. కుడి కంట్లో రోకలి పెట్టి పొడిచినట్టు ఉందన్నది. కడుపులో ఉన్నదంతా కక్కింది. వాంతులు కాబట్టి తిన్నది పడలేదన్నారు. ధర్మాబాద్‌లో వాంతులకు సూది వేసి సెలైను ఎక్కించి పంపారు. కన్ను ఎర్రబడితే కక్కినప్పుడు నరం పొంగిందన్నారు. ఆమె కూడా టవరు మాట గాని, గుడి మాట గాని ఎత్తలేదు. మళ్ళీ వంక అంటారని భయం.

కబురు అంది నాందేడ్‌లో చదువుకుంటున్న కూతురు ప్రణాలి ఊరికి వచ్చింది. తల్లి గడ్డం పట్టి ముఖాన్ని వెలుతురు వైపు తిప్పింది. కుడి కన్ను చచ్చిన చేప కన్నులా పాలిపోయి ఉంది. "నేను కనవడ్తున్ననా?" అని అడిగింది. కాశీబాయి ఎడమ కన్నును చేత్తో మూసి, చాలాసేపు చూసి, "వెలుతురున్న దిక్కు తెల్లగున్నది బిడ్డా, గంతే," అన్నది. మరుసటి రైలుకు నాందేడ్ తీసుకెళ్ళారు.

*

నాందేడ్‌లో కంటి డాక్టరు కాశీబాయి గడ్డాన్ని ఒక యంత్రం మీద ఆనించి, కంటికి ఏదో తాకించి, కాసేపట్లోనే విషయం తేల్చేశాడు. తర్వాత మరాఠీలో నెమ్మదిగా అడిగాడు. ఇంతకుముందు సాయంత్రాలు కనుబొమ్మ మీద నొప్పి వచ్చేదా? వచ్చేది. అప్పుడు చూపు మసకేసేదా? వేసేది. బల్బు చుట్టూ రంగుల చక్రం కనపడేదా?

ఆమె ఆయన వైపు చూసింది. ఆ ప్రశ్న ఈ లోకంలో ఒకరికి తెలుసన్నమాట.

"కనపడేది సాహెబ్."

"మరి ఇన్నాళ్ళూ ఎవరికీ ఎందుకు చెప్పలేదు తాయీ?"

"చెప్పాను. మైకులో చెప్పాను."

డాక్టరుకు అర్థం కాలేదు. ప్రణాలి ముఖం తిప్పుకుంది.

ఆయన చెప్పింది ఇది. కంట్లో ఎప్పుడూ నీరు ఊరుతుంటుంది, ఒక సన్నని దారిలో బయటికి పోతుంటుంది. కొందరికి పుట్టుకతోనే ఆ దారి ఇరుకు. వయసు మీద పడ్డకొద్దీ ఇంకా ఇరుకవుతుంది. వెలుతురు తగ్గి కంటిపాప విచ్చుకున్నప్పుడు ఆ దారి మూసుకుపోతుంది. నీరు లోపలే నిలిచి కన్ను బిగుస్తుంది. ఆ బిగువే తలనొప్పి, ఆ బిగువే దీపానికి కట్టిన గుడి. మొదట్లో దానంతటదే తెరుచుకుంటుంది, నొప్పి పోతుంది. ఒకరోజు తెరుచుకోదు. ఆ రోజు వెంటనే వస్తే కన్ను దక్కొచ్చు. ఆలస్యమైతే చూపు నరం చచ్చిపోతుంది. దీన్ని గ్లాకోమా అంటారు. కుడి కన్ను ఇక రాదు. ఎడమ కన్ను కూడా అదే కట్టుబడి. దానికి లేజరుతో సన్నని రంధ్రం చేసి దారి వేశారు. అదైనా దక్కింది.

"ఫోను వల్లనా సార్?" అని ప్రణాలి అడిగింది.

కాదన్నాడు. ఫోను అలల వల్ల గ్లాకోమా రాదు. తలనొప్పి కూడా వస్తుందని తేలలేదు. ఫోను నిజంగా వెలుగుతోందో, ఆరి ఉందో చెప్పకుండా మనుషుల పక్కన పెట్టి చూసిన పరీక్షలున్నాయి. ఆరి ఉన్నప్పుడు కూడా అంతే మందికి తల నొచ్చింది. ఫోను పట్టుకుని మనిషి చేసే పని వల్ల మాత్రం నొస్తుంది. వంగిన మెడ, ఎండ మెరుపు, సరిపడని కళ్ళద్దాలు, ఖాళీ కడుపు, లేని నిద్ర. అవి మార్చుకుంటే తగ్గుతుంది. కాని ఏ నొప్పి ఏదో చూడకుండా అన్నిటికీ ఫోను పేరు పెడితే ఇట్లాంటిది దాని కింద దాక్కుంటుంది.

"ముందే వచ్చుంటే?" అని అడిగింది ప్రణాలి.

రెండు కళ్ళకూ రంధ్రం వేసి అదే రోజు ఇంటికి పంపేవాడినన్నాడు.

*

ఒంటి కన్నుతో కాశీబాయి మళ్ళీ అంగన్‌వాడీకి వచ్చింది. ఫోటోలు ఇప్పుడు అనుసూయాబాయి తీస్తోంది. ముఖాలు బాగా పడుతున్నాయని మేడం మెచ్చుకుందట. నిలబెట్టిన రోజు గురించి ఎవరూ మాట్లాడలేదు. నాగనాథ్ ఒకసారి పండ్లు పట్టుకుని ఇంటికి వచ్చి, ఏం మాట్లాడాలో తెలియక సోయా ధర గురించి నర్సన్నతో మాట్లాడి వెళ్ళాడు.

వానలు వెనకబట్టాక మంగేశ్ అనే మెకానిక్ మోటారు సైకిలు మీద వచ్చి టవరు కంచె తాళం తీశాడు. అంగన్‌వాడీ అరుగు మీద కాశీబాయి, అనుసూయాబాయి పప్పు ఏరుతున్నారు. నాగనాథ్ నలుగుర్ని వెంటేసుకుని వచ్చి అడ్డం నిలబడ్డాడు. బంద్ చేసిన టవరును మళ్ళీ ఎట్లా చాలూ చేస్తారని గద్దించాడు.

మంగేశ్ వాళ్ళను ఎగాదిగా చూశాడు. "బంద్ ఎప్పుడైంది అన్నా? ఒక్క దినం గూడ కాలే. పైన బల్బు కాలిపోయింది, గంతే. గంత పైకెక్కెటోడు దొరక్క ఆగింది."

నాగనాథ్ వెంట వచ్చినవాళ్ళలో ఒకడి జేబులో ఫోను మోగింది. వాడు దాన్ని తియ్యడానికి భయపడ్డట్టు అట్లాగే నిలబడ్డాడు.

అంటే పేడాలు పంచింది బల్బు మాడినందుకు. ఊరి తలనొప్పులు తగ్గింది బల్బు మాడినందుకు. ఊళ్ళో ఒక్క మనిషికే ఆ బల్బుతో సంబంధం లేని నొప్పి ఉంది. ఊరంతా కలిసి ఆమెనే అబద్ధాలకోరు అన్నది.

ఆ సాయంత్రం ఎర్రదీపం మళ్ళీ వెలిగింది. అనుసూయాబాయి చీపురు పక్కన పెట్టి అడిగింది.

"కనవడ్తున్నదానే?"

కాశీబాయి ఎడమ కన్ను ఎత్తి చూసింది. "కనవడ్తున్నది."

"గుడి?"

"లేదు. ఒట్టి దీపమే."

మర్నాడు పొద్దున ఇద్దరు పిల్లలు తలనొప్పి అని బడికి రాలేదు.

*

చదివి అయ్యో అనుకుని పక్కన పెట్టడానికి ఇది రాయలేదు. మీ ఊళ్ళో కూడా ఒక కాశీబాయి ఉంది. చేతిలో సర్కారు ఫోను, నుదుటికి గుడ్డ, నోటికి తాళం. తలనొప్పి అన్నవాళ్ళకు ఫోను పేరో, టవరు పేరో చెప్పి పంపించకండి. వంక అని కూడా పంపించకండి. రెండూ వినకుండా తప్పించుకునే దారులే. నలభై దాటిన మనిషికి సాయంత్రాలు కనుబొమ్మ మీద నొప్పి, మసక చూపు, దీపం చుట్టూ వలయం ఉంటే ఆ వారంలోనే కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళి, కంటి ఒత్తిడి చూడమని అడగండి. కన్ను ఎర్రబడి వాంతులైతే తెల్లారేదాకా కూడా ఆగకండి.

వచ్చే గ్రామసభలో మైకు మీ చేతికి తీసుకోండి. ఫోను ఇచ్చి పని చేయించుకునే ప్రతి సేవికకూ, ఆశా కార్యకర్తకూ ఏడాదికొకసారి కంటి పరీక్ష చేయించాలని తీర్మానం రాయించండి. ఫోను అద్దానికి పైన అద్దం అంటించిన వాళ్ళు ఈ మాత్రం చేయగలరు. చేయకపోతే తాలూకా ఆఫీసులో మీటింగు రోజున వెళ్ళి మీరు నిలబడండి, సేవికలను కూర్చోనివ్వండి.

అవన్నీ తర్వాత. రేపు మీ అంగన్‌వాడీ ముందు నుంచి పోయేటప్పుడు ఒక్క నిమిషం ఆగండి. సాయంత్రం దీపం చూస్తే ఎట్లా కనపడుతోందమ్మా అని ఆమెను అడగండి. అడిగి, జవాబు చెప్పేదాకా అక్కడే ఉండండి.